మూడు చుక్కల వెనక

ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద పనిచేసేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగాదా ఒకటుంది. దాని మేనేజ్‌మెంట్ స్టూడియోలో (ఎస్‌ఎస్‌ఎంఎస్) క్వెరీ రాసే కిటికీలో ఎడమ అంచున చిన్న చదరపు గళ్ళు కనిపిస్తాయి, వాటిలో తీసివేత గుర్తులు. ఒక గడి మీద నొక్కితే దాని కింద కోడంతా ముడుచుకుపోయి మొదటి లైనూ మూడు చుక్కలూ మిగులుతాయి. ఇది లేకపోతే కొందరికి పని సాగదు. ఇంకొందరు కొత్త లాప్‌టాప్ చేతికి రాగానే ముందు దీన్ని తీసేస్తారు.

ఇక్కడ రాస్తున్నవి ఒక మామయ్య, మేనకోడలి మాటలు. ఇద్దరూ హైదరాబాద్‌లోనే, వేరువేరు కంపెనీల్లో. ఆయన క్వెరీ అనలైజర్ కాలం నుంచీ డేటాబేస్ అడ్మిన్. ఆమె ఈ మధ్యే డెవలపర్‌గా చేరింది. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే, ఇద్దరూ పనిమంతులే. నేను ఎవరి పక్షమో దాచుకోను, మధ్యలో చెబుతాను.

మేనకోడలు: మామయ్యా, నీ ఎస్‌ఎస్‌ఎంఎస్‌లో ఎడమ పక్క గళ్ళు లేవేం? ఇందాక నా స్క్రిప్టు నీ లాప్‌టాప్‌లో తెరిచాను. మడుద్దామంటే నొక్కడానికి ఏమీ లేదు.

మామయ్య: నేనే తీసేశానమ్మా. కొత్త వెర్షన్ వేసుకున్నప్పుడల్లా ముందు ఆ పని చేశాకే సర్వర్‌కి కనెక్ట్ అవుతాను.

మేనకోడలు: మా టీంలో ఒకాయనకి సరిగ్గా ఇదే కావాలి. ఆప్షన్స్‌లో జనరల్ పేజీ అంతా గాలించాడు, దొరకలేదు. ఇప్పుడు ఏ కిటికీ తెరిచినా ఎడిట్ మెనూలో ఔట్‌లైనింగ్ కిందికి వెళ్ళి స్టాప్ ఔట్‌లైనింగ్ నొక్కుతూ కూర్చుంటున్నాడు.

మామయ్య: అది ఆ కిటికీ వరకే. కొత్త క్వెరీ తెరిస్తే గళ్ళు మళ్ళీ హాజరు. పూర్తిగా పోవాలంటే టూల్స్‌లో ఆప్షన్స్, అందులో టెక్స్ట్ ఎడిటర్, అందులో ట్రాన్సాక్ట్-ఎస్‌క్యూఎల్, దాని కింద ఇంటెల్లిసెన్స్. ఆ పేజీలో ఔట్‌లైన్ స్టేట్‌మెంట్స్ అని ఒక పెట్టె ఉంటుంది. టిక్ తీసి ఓకే కొట్టమను. తెరిచి ఉన్న కిటికీలు మూసేసి కొత్తది తెరిచి చూడమను. వెర్షన్ మారి పేజీల అమరిక మారితే, ఆప్షన్స్ పైన వెతికే చోట ఔట్‌లైన్ అని కొడితే సరి.

మేనకోడలు: ఇంటెల్లిసెన్స్ కిందా? టేబుల్ పేరు సగం కొట్టగానే మిగతాది అందించేది కదా అది. ఆ సాయం పోతుందేమోనని ఆయన ఆ పేజీ జోలికే వెళ్ళలేదు.

మామయ్య: పోదు. అక్కడ పెట్టెలు వేరువేరు. మొత్తం ఇంటెల్లిసెన్స్‌ని ఆపేది ఒకటి, తప్పుల కింద ఎర్ర గీత గీసేది ఒకటి, మడతలది ఒకటి. మడతలది ఒక్కటీ తీస్తే పేర్లు అందించడం అలాగే ఉంటుంది. మరి ఇవన్నీ ఒకే పేజీలో ఎందుకున్నాయంటే, మనం కొట్టే కోడుని ఎడిటర్ వెనక నుంచి చదువుతూ ఉంటుంది. స్టేట్‌మెంట్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఏ బిగిన్‌కి ఏది ఎండ్ అని విడదీస్తూ పోతుంది. ఎర్ర గీతకీ, మడతకీ ఆధారం ఆ చదువే. అందుకే రెండూ జంటగా వచ్చాయి, 2008 వెర్షన్‌తో. 2005లో మేనేజ్‌మెంట్ స్టూడియో మొదట వచ్చినప్పుడు రెండూ లేవు. అంతకు ముందు క్వెరీ అనలైజర్‌లో కోడుకి రంగులు ఉండేవి, అంతే.

మేనకోడలు: లేని రోజుల్లో పని నేర్చుకున్నావు కాబట్టి ఇప్పుడూ అక్కర్లేదంటున్నావు. కొత్తది వస్తే మీ తరానికి ముందు అనుమానమే.

మామయ్య: అదేం లేదు తల్లీ. పేర్లు అందించడాన్ని నేను రోజంతా వాడతాను. ఎర్ర గీతనీ ఉంచాను. తీసింది ఇదొక్కటే. పాతవాడినని కాదు, దీని తీరు నచ్చక.

మేనకోడలు: పైగా మడత కొత్తదేం కాదు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన ఎన్‌ఎల్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థని అందరి ముందూ నడిపి చూపించాడు. మౌస్ చూపించింది కూడా ఆ రోజే. ఇంటికి తేవలసిన సరుకుల జాబితా తెర మీద పెట్టి, దాన్ని పద్దులుగా విడదీసి, లోపలివి దాచి పై శీర్షికలు మాత్రం కనపడేలా చేశాడు. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో 1974 నాటి ఎస్‌పీఎఫ్ ఎడిటర్, లైను మొదట్లో ఎడం ఎంత వదిలారో చూసి లైన్లు దాచేది. విమ్ ఎడిటర్‌లో 2001లో, 6.0తో వచ్చింది. తరతరాలుగా జనం దీంతోనే పెద్ద పెద్ద ప్రోగ్రాములు రాశారు. నీ ఒక్కడికే ఎందుకు అడ్డం?

మామయ్య: ఎంగెల్‌బార్ట్ ఆ జాబితాని మడిచాక ఎవరికైనా ఏమైనా పోయిందా? అరటిపళ్ళు కనపడకపోయినా నష్టం లేదు, మళ్ళీ విప్పితే ఉంటాయి. విమ్‌లో సీ ప్రోగ్రాం రాసేవాడు వంద ఫంక్షన్లు మడుచుకోనీ. అది కంపైల్ కావాలి, టెస్టులు దాటాలి, ఇంకొకరు చదవాలి, అప్పుడు గానీ ఎవరి మీదా పడదు. క్వెరీ కిటికీ అలాంటిది కాదు. అది రాసే చోటూ అదే, పేల్చే చోటూ అదే. ఎఫ్5 నొక్కిన క్షణాన కింద స్టేటస్ బార్‌లో ఏ సర్వర్ పేరుంటే దాని మీద పడుతుంది. మధ్యలో ఆపేవాడు లేడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు మీద సంతకం పెట్టమంటూ, ఆస్తి షెడ్యూలున్న పేజీ మడిచి ఇస్తే నువ్వు పెడతావా?

మేనకోడలు: మడిచింది నేనే అయితే, లోపల ఏముందో నాకు తెలుసుగా?

మామయ్య: పొద్దున మడిచిన నీకు తెలుసు. సాయంత్రం అయిదింటికి, మేనేజర్ పక్కన నిలబడి అయిందా అయిందా అంటుంటే, అప్పుడూ తెలుసా? ఆ ఫైలు నీ దగ్గర నుంచి తీసుకుని నడిపే ఇంకొకరికి?

మేనకోడలు: ఇంకొకరికి మడత వెళ్ళదు మామయ్యా. ఫైల్లో మడత అనేదే ఉండదు, అది చూపు మాత్రమే. వాళ్ళు తెరిస్తే అంతా విప్పే ఉంటుంది.

మామయ్య: అది ఒప్పుకున్నాను. నా భయం, తెరిచి వారం రోజులుగా మూయకుండా ఉంచుకునే కిటికీల గురించి. డెవలపర్ల తెర చూడు, పాతిక ట్యాబులుంటాయి. క్వెరీ 14, క్వెరీ 27, దేనికీ పేరుండదు. మడిచినవాడే మరిచిపోతాడు.

మేనకోడలు: లైన్ నంబర్లు ఆన్ చేసుకుంటే తెలిసిపోదా? 14 తర్వాత 212 కనిపిస్తే మధ్యలో మడత ఉందని పసిపిల్లలకి కూడా అర్థమవుతుంది. పైగా మౌస్ దాని మీద నిలిపితే లోపలి కోడు చిన్న పెట్టెలో చూపిస్తుంది.

మామయ్య: ఆ చిన్న పెట్టెలో పెద్ద బ్లాకు పూర్తిగా పట్టదు. లైన్ నంబర్ల సంగతి మాత్రం నిజం. ఎవరికైనా చెప్పదగ్గ మాట. గళ్ళు ఉంచుకునేవాళ్ళు నంబర్లు కూడా ఉంచుకోవాలి.

మేనకోడలు: ఒక ఉదాహరణ తీసుకుందాం. గాల్లో మాట్లాడుకుంటే తేలదు.

మామయ్య: అలా రా. నాలుగు లైన్ల అప్‌డేట్ ఒకటి అనుకో. మొదటి లైన్లో అప్‌డేట్, టేబుల్ పేరు. రెండో లైన్లో సెట్, స్థితి సమానం రద్దు. మూడో లైన్లో వేర్, కస్టమర్ నంబర్ సమానం ఫలానా. నాలుగో లైన్లో అండ్, తేదీ. దాన్ని మడిస్తే నీకు కనపడేది అప్‌డేట్, టేబుల్ పేరు, మూడు చుక్కలు. వేర్ ఉందా లేదా? ఉంటే ఏ కస్టమర్? ఒక స్టేట్‌మెంట్‌లో ప్రాణమంతా ఎక్కడుంటుందో అదే కనపడకుండా పోతుంది. సీ షార్ప్‌లో ఫంక్షన్‌ని మడిస్తే దాని పేరు మిగులుతుంది, పేరు చూస్తే లోపల ఏం చేస్తుందో కాస్త అందుతుంది. ఎస్‌క్యూఎల్‌లో మడిస్తే మిగిలేది ముందు మాట. అపాయం వెనక మాటలో ఉంటుంది.

మేనకోడలు: ఇక్కడే నిన్ను పట్టుకుంటాను. ఎస్‌ఎస్‌ఎంఎస్‌లో ఎంచుకున్న భాగం ఉంటే ఎఫ్5 దాన్నే నడుపుతుంది కదా?

మామయ్య: అవును.

మేనకోడలు: నీ నాలుగు లైన్లూ విప్పి ఉన్నాయి. మౌస్ లాగుతూ ఎంచుకుంటున్నాను. చెయ్యి కొంచెం జారి రెండో లైన్ దగ్గరే ఆగింది. వేర్ బయటే ఉండిపోయింది. ఎఫ్5. టేబుల్‌లో ఉన్న ఆర్డర్లన్నీ రద్దు. ఈ పనిలో ఉన్నవాళ్ళు అందరికంటే ఎక్కువ భయపడేది దీనికే, అవునా కాదా? అదే మడిచి ఉంచితే ఆ ఒక్క లైన్నీ ఎంచుకుంటాను. లోపల దాగినవి కూడా దాంతోపాటే వస్తాయి. వేర్ తెగిపోయే వీలే లేదు. మడత అపాయమన్నావు, ఇక్కడ అదే కాపాడింది.

మామయ్య: ...బాగా పట్టుకున్నావు. ఇది నేను కాదనలేను. సగం ఎంచుకుని నడపడం వల్ల పోయినంత డేటా మడతల వల్ల పోయి ఉండదు.

మేనకోడలు: మరి?

మామయ్య: మరి ఏముంది, నువ్వు చెప్పింది ఒక్క స్టేట్‌మెంట్‌ని తెలిసి, కావాలని, నడిపే క్షణంలో మడవడం. అలా చేసేవాళ్ళు ఎంతమంది? నేను చూసినంతలో జనం మడిచేది బిగిన్ నుంచి ఎండ్ దాకా ఉన్న పెద్ద బ్లాకుల్ని, గో నుంచి గో దాకా ఉన్న బ్యాచ్‌లని. ఎస్‌ఎస్‌ఎంఎస్ గళ్ళు పెట్టేది ఈ మూడు మెట్లకే: బ్యాచ్, బ్లాకు, ఒకటికి మించిన లైన్లున్న స్టేట్‌మెంట్. పై రెండిట్లో ఏం దాగుందో ఎంచుకునేటప్పుడు ఎవరూ విప్పి చూడరు. నువ్వు చెప్పిన గుణమే అక్కడ ఎదురు తిరుగుతుంది. రెండు లైన్లే నడుపుతున్నాననుకుంటావు, లోపల ఉన్నవన్నీ కూడా వస్తాయి.

ఇక్కడ నా మాట చెప్పేస్తాను. మేనకోడలి వాదం ఈ విషయంలో అన్నిటికన్నా బలమైనదని నేను నమ్ముతున్నాను. మడతలు వద్దనేవాళ్ళు దీన్ని పట్టించుకోకుండా మాట్లాడితే అది న్యాయం కాదు. అయినా నేను మామయ్య పక్షమే. సగం ఎంచుకోవడానికి విరుగుడు వేరే ఉంది, దాని దగ్గరికి వాళ్ళే వస్తారు. దాగి ఉన్న కోడుని నడపడానికి మాత్రం విప్పి చూడటం తప్ప విరుగుడు లేదు. నడిపే కిటికీలో అన్నీ కనపడాలి. ఇందులో నాకు సందేహం లేదు.

మేనకోడలు: జరిగిందా ఎక్కడైనా? లేక ఊహేనా?

మామయ్య: పేరు చెప్పను గానీ ఒక ఆఫీసులో జరిగింది. నెలాఖరు సరిదిద్దుబాటు స్క్రిప్టు. పైన ఒక సెలెక్ట్, కింద ఒక అప్‌డేట్, మధ్యలో పరీక్ష కోసం పెట్టిన బిగిన్, ఎండ్ బ్లాకు. ఆ బ్లాకులో స్టేజింగ్ టేబుల్ ఖాళీ చేసే డిలీట్ ఉంది. కుర్రాడు పరీక్ష సర్వర్‌లో పని అయ్యాక బ్లాకుని మడిచాడు, చూపుకి అడ్డం కాకుండా. తర్వాత అదే కిటికీని ప్రొడక్షన్‌కి మార్చాడు. తెర మీద కనిపించింది ఒక సెలెక్ట్, ఒక అప్‌డేట్. ఏమీ ఎంచుకోకుండా ఎఫ్5 కొట్టాడు. ఏమీ ఎంచుకోకపోతే ఫైలంతా నడుస్తుంది, మడతలో ఉన్నదీ నడుస్తుంది. బ్రాంచీల నుంచి ఆ రోజు వచ్చిన ఎంట్రీలు పోయాయి.

మేనకోడలు: తిరిగి వచ్చాయా?

మామయ్య: వచ్చాయి. ఫుల్ రికవరీ మోడల్‌లో ఉన్న డేటాబేసు, లాగ్ బ్యాకప్‌లు ఉన్నాయి. ఫుల్ బ్యాకప్‌ని వేరే పేరుతో రిస్టోర్ చేసి, లాగులు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ, స్టాప్ఎట్‌తో డిలీట్‌కి ముందు నిమిషం దగ్గర ఆపారు. అక్కడి నుంచి పోయిన రికార్డుల్ని ఇటు ఎక్కించారు. రాత్రంతా పట్టింది. లాగ్ బ్యాకప్‌లు లేకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయ్యేది.

మేనకోడలు: పాపం ఆ కుర్రాడు. కానీ మామయ్యా, నువ్వు చెప్పిన కథలో తప్పు మడతదా? పరీక్ష కోడు ఉన్న కిటికీనే ప్రొడక్షన్‌కి మార్చడం తప్పు. బిగిన్ ట్రాన్ లేకుండా నడపడం తప్పు. అసలు ఒక డెవలపర్‌కి ప్రొడక్షన్‌లో డిలీట్ చేసే హక్కు ఉండటం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ మూడూ వదిలేసి గడి మీద పడ్డావు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

మామయ్య: మూడూ తప్పులే. నేను ఏదీ వదల్లేదు. మా దగ్గర రోజూ చూసుకోవడానికి ఒక లాగిన్, దానికి డీబీ డేటారీడర్ మాత్రమే. మార్చడానికి ఇంకో లాగిన్, అడిగి తీసుకోవాలి. కనెక్ట్ అయ్యేటప్పుడు కనెక్షన్ ప్రాపర్టీస్‌లో యూజ్ కస్టమ్ కలర్ పెట్టి ప్రొడక్షన్‌కి ఎరుపు ఇచ్చాం. స్టేటస్ బార్ ఎర్రగా ఉంటే చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. మార్చే స్క్రిప్టు ఏదైనా బిగిన్ ట్రాన్‌తో మొదలవ్వాలి. నడిపాక ఎన్ని రికార్డులు మారాయో రోకౌంట్ చూడాలి. అనుకున్న లెక్క వస్తే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్. నువ్వు భయపడ్డ సగం ఎంపికకి కూడా మందు ఇదే. వేర్ తెగి టేబుల్ అంతా మారినా, లెక్క చూడగానే తెలుస్తుంది, వెనక్కి తీసుకుంటావు.

మేనకోడలు: బిగిన్ ట్రాన్ లైన్ కూడా ఎంపికలోకి రాకుండా జారిపోతే?

మామయ్య: అందుకే బిగిన్ ట్రాన్‌ని ముందు విడిగా నడుపుతాం. అది నిలబడ్డాక మిగతాది. కొందరు ఫైలు మొదట్లో సెట్ నోఎగ్జెక్ ఆన్ అని పెడతారు. పొరపాటున మొత్తం మీద ఎఫ్5 కొట్టినా దాని కిందవి కంపైల్ మాత్రం అవుతాయి, నడవవు. మంచి అలవాటు.

మేనకోడలు: ఇన్ని కంచెలున్నాక మడత ఉంటే ఏం, లేకపోతే ఏం?

మామయ్య: ఈ కంచెలన్నీ దాటి చివరికి నిలబడేది ఎవరు? కమిట్ కొట్టే మనిషి. ఆ మనిషి దేన్ని నమ్మి కొడతాడు? తన కళ్ళని. లాగిన్ హక్కు ఇచ్చేశారు, ట్రాన్సాక్షన్ తెరిచాడు, లెక్క సరిపోయింది. కానీ మడతలో ఇంకో టేబుల్ మీద ఇంకో అప్‌డేట్ ఉంటే? రోకౌంట్ చెప్పేది ఆఖరి స్టేట్‌మెంట్ లెక్క మాత్రమే. ముందు నడిచినవాటి లెక్క మెసేజెస్ ట్యాబులో ఉంటుంది, అది చదివేవాళ్ళు ఎంతమంది? కంచెలు తప్పుని ఆపుతాయి. అది తప్పని ముందు గుర్తుపట్టాల్సింది కళ్ళే. వాటికి గంతలు కట్టకూడదు.

మేనకోడలు: సరే, నా వైపు కూడా విను. నడపడం నా పనిలో చిన్న భాగం. మిగతా రోజంతా చదవడమే. వేరేవాళ్ళు రాసిన ప్రొసీజర్లు, ఒక్కోటి రెండు వేల లైన్లు. దాని ఆకారం చూడాలంటే మడవాలి. ట్రై ఎక్కడ, క్యాచ్ ఎక్కడ, ఏ ఇఫ్ కింద ఎంత ఉంది, అన్నీ మడిచి చూస్తే ఒక తెరలో పడుతుంది. లేకపోతే మౌస్ చక్రం తిప్పీ తిప్పీ వేలు నొప్పి, ఎక్కడున్నానో మరిచిపోవడం. ఇంట్లో నాకున్నది పధ్నాలుగు అంగుళాల తెర. నీకు ఆఫీసులో రెండు పెద్ద మానిటర్లు. పెద్ద తెర ఉన్నవాళ్ళు చిన్న తెరవాళ్ళకి మడతలు వద్దని చెప్పడం తేలికే.

మామయ్య: ఇది నేను ఆలోచించలేదు. నిజమే.

మేనకోడలు: ఇంకో చిరాకు కూడా ఉంది, అది నీ పక్షానికి ఉపయోగపడుతుంది గానీ చెబుతాను. విజువల్ స్టూడియోలో మడవడానికి కంట్రోల్ పట్టుకుని ఎం రెండుసార్లు కొట్టడం నాకు అలవాటు. ఎస్‌ఎస్‌ఎంఎస్‌లో కంట్రోల్ ఎం అంటే యాక్చువల్ ఎగ్జిక్యూషన్ ప్లాన్ కలుపు అని. రెండుసార్లు కొడితే ఒకసారి కలుస్తుంది, ఒకసారి తీసేస్తుంది. మడత పడదు. ఒక్కసారి కొట్టి వదిలేసిన రోజు, ప్రతి క్వెరీకీ ప్లాన్ వస్తూ ఎందుకింత నెమ్మదిగా ఉందా అనుకుంటాను.

మామయ్య: చూశావా, చదివేవాళ్ళకి కూడా అది సరిగ్గా అమర్చలేదు. పాత వెర్షన్లలో వెతికే పెట్టెలో సెర్చ్ హిడెన్ టెక్స్ట్ అని ఇంకో టిక్ ఉండేది. అది లేకుండా రీప్లేస్ ఆల్ కొడితే మడతలో ఉన్నవి మారేవి కావు. కొత్త డేటాబేస్ పేరు పైన, పాత పేరు లోపల. అలాంటి స్క్రిప్టులు నేను విప్పి సరిచేశాను.

మేనకోడలు: అది పోయింది కదా ఇప్పుడు.

మామయ్య: పోయింది. వదిలేద్దాం. నీ చదువు సంగతి చూద్దాం. చదవడానికి ఎస్‌ఎస్‌ఎంఎస్సే ఎందుకు? ప్రొసీజర్లన్నీ గిట్‌లో ఉన్నాయా?

మేనకోడలు: ఉన్నాయి.

మామయ్య: అయితే వీఎస్ కోడ్‌లో తెరిచి చదువు. అక్కడ ఎంత కావాలంటే అంత మడుచుకో. కంట్రోల్ కె, కంట్రోల్ సున్నా కొడితే అన్నీ మడత పడతాయి, కంట్రోల్ కె, కంట్రోల్ జె కొడితే అన్నీ విచ్చుకుంటాయి. సర్వర్‌కి కనెక్ట్ చేయకు. అది చదివే గది. ఎస్‌ఎస్‌ఎంఎస్ నడిపే గది. అక్కడ మడతలుండవు.

మేనకోడలు: మా వాళ్ళలో కొందరు వీఎస్ కోడ్ నుంచే సర్వర్‌కి కనెక్ట్ అయి నడుపుతారు. వాళ్ళకి రెండు గదులు లేవు.

మామయ్య: వాళ్ళకీ దారి ఉంది. ఎడిటర్ ఫోల్డింగ్ అన్న సెట్టింగ్‌కి ఫాల్స్ ఇస్తే అన్ని ఫైళ్ళలోనూ మడతలు పోతాయి. అంత వద్దనుకుంటే సెట్టింగ్స్ జేసన్ ఫైల్లో ఎస్‌క్యూఎల్‌కి మాత్రమే వర్తించేలా విడిగా రాసుకోవచ్చు. పైథాన్‌లో మడతలుంటాయి, క్వెరీలో ఉండవు. విమ్‌వాళ్ళకైతే ఇంకా తేలిక, మామూలు మోడ్‌లో జెడ్ ఐ కొడితే మడతలు ఆగుతాయి, మళ్ళీ కొడితే వస్తాయి.

మేనకోడలు: నీ ఇల్లు నువ్వు ఎలా సర్దుకున్నా నాకు పేచీ లేదు. కానీ మీ టీంలో కొత్తగా చేరినవాళ్ళ యంత్రాల్లో కూడా నువ్వే టిక్ తీయిస్తావని విన్నాను. అది మాత్రం నాకు నచ్చలేదు. వాళ్ళ కళ్ళు, వాళ్ళ తెర.

మామయ్య: ప్రొడక్షన్ లాగిన్ ఉన్న యంత్రాల్లోనే తీయిస్తాను. వాళ్ళ సొంత లాప్‌టాప్‌లో వాళ్ళిష్టం. ప్రొడక్షన్ డేటా వాళ్ళదీ కాదు, నాదీ కాదు. ఎవరి జీతం స్లిప్పో, ఎవరి బిల్లో అందులో ఉంటుంది.

మేనకోడలు: చెప్పి తీయించు. చెప్పకుండా తీయిస్తే వాళ్ళకి అది ఏదో పాడైనట్టే ఉంటుంది, ఇందాక నాకు అనిపించినట్టు. ఎందుకు తీశావో తెలిస్తే రేపు వేరే ఎడిటర్‌కి మారినా వాళ్ళే తీసుకుంటారు.

మామయ్య: అది మంచి మాట. చెబుతాను. ఇప్పుడు నువ్వు చెప్పు, ఆ రెండు వేల లైన్ల ప్రొసీజర్‌లో నువ్వు అందరికన్నా ముందు మడిచేది ఏది?

మేనకోడలు: అడిగావు కాబట్టి చెబుతాను. బిల్లు తేదీ 2017 జూలై 1 కంటే ముందుదైతే అని ఒక ఇఫ్ ఉంది. దాని కింద బిగిన్, ఎండ్. జీఎస్‌టీ రాకముందు వ్యాట్ లెక్క. దాదాపు నాలుగు వందల లైన్లు. ఫైలు తెరవగానే దాన్ని మడిచేస్తాను. ఎవరూ దాన్ని చదవరు, ఎవరూ ముట్టుకోరు.

మామయ్య: మడిచి పెట్టుకున్నంతకాలం ఎవరూ ముట్టుకోరు. అందులో తప్పున్నా ఎవరికీ తెలియదు. దాన్ని అక్కడి నుంచి తీసి వేరే ప్రొసీజర్‌గా పెట్టండి. ఇఫ్ కింద ఒక్క ఎగ్జెక్ లైను మిగులుతుంది. అప్పుడు మడవాల్సిన పని ఉండదు.

మేనకోడలు: వేరే చోట పెట్టడం ఎందుకు, తీసేస్తే పోదా? అంత పాత బిల్లులు ఇప్పుడెవరికి?

మామయ్య: ఆగు. పాత బిల్లు మీద కేసు నడుస్తూ ఉండొచ్చు, ఆడిట్‌వాళ్ళు పాత లెక్క మళ్ళీ తీయమనొచ్చు. ఊహించి తీసేయకు. ఆ బిగిన్ కింద ఒక ఇన్‌సర్ట్ పెట్టు. ఆ దారిలోకి ఎవరు వచ్చినా తేదీ, బిల్లు నంబర్, పిలిచిన లాగిన్ ఒక లాగ్ టేబుల్‌లో పడాలి. మార్చి 31 దాటేదాకా, ఏడాది ఆఖరు లెక్కలన్నీ అయ్యేదాకా చూడు.

మేనకోడలు: అప్పటికీ ఒక్క రికార్డు కూడా పడకపోతే, మా లీడ్‌ని ఒప్పించడానికి నువ్వు రావాలి. నేను చెబితే, అది పదేళ్ళుగా నడుస్తున్న కోడు, ముట్టుకోకు అంటారు.

మామయ్య: వస్తాను. కానీ ఆ ప్రొసీజర్‌ని ఏయే రిపోర్టులు, ఏయే జాబులు పిలుస్తున్నాయో ముందు పట్టీ రాసి పంపు. ఆ పట్టీ చూడకుండా మీ లీడ్ దగ్గర ఒక్క మాట కూడా అనను.